ఎవరి ఆది వాళ్ల చేతికే

“ఫోన్ల మాత్రం చెప్ప బిడ్డా. ఇంటికి రా, నీ చేతికే ఇస్త.”

ఒక చేతిలో కత్తెర, ఇంకో చేత్తో చెవికి ఆనించిన ఫోను. లింగస్వామి ఆ మాట అనేసి మళ్లీ కాగితం మీదికి వంగాడు.

“ఇంటికొచ్చేదాంక ఆగేటట్లు లేదు నాయినా. నీ ఫోన్లకు నంబర్ ఒచ్చింది గద, గది చెప్పు. లేకుంటే సైట్ బందయితది.”

ఆయన కత్తెర కాగితం మీద కదులుతూనే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ‘లింగస్వామి లేడీస్ టైలర్’ అంటే ఒకప్పుడు తెలియని ఆడవాళ్లు లేరు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇక మిషన్ తొక్కొద్దన్నారు డాక్టర్లు. దుకాణం ఖాళీ చేశాడు. నల్లగొండ పక్క పల్లె నుంచి ఒట్టి చేతులతో వచ్చి నిలదొక్కుకున్న మనిషి, ఆ చేతులకే పని లేదని తెలిసేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన్ను లేపి కూర్చోబెట్టింది కూతురు జ్యోతికే. నాయిన కత్తిరించే జాకెట్ పేపర్ కటింగులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాటిని అమ్మడానికి వెబ్‌సైట్ పెట్టింది. డబ్బు కట్టినవాళ్లు ఫైలు దించుకుని, దగ్గర్లోని జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయించుకుని, గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవడమే. కొనేవాళ్లకు నమ్మకం కుదరాలని ఉచిత వీడియోలు కూడా పెట్టింది. వాటిల్లో ఆమె “నాయినా, చంక కాడ ఎట్ల తిప్పాలె, జర చూపియ్యి” అంటుంది, ఆయన చూపిస్తాడు. ఇప్పుడు ఖమ్మం నుంచీ బెంగళూరు నుంచీ ముక్కూ మొహం తెలియనివాళ్లు సైట్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి ‘మాస్టర్ గారూ’ అంటున్నారు. ఇల్లు గడిచేది ఆ సైటు మీదే.

సైటు ఖాతా ఆయన పేరునే తెరిచింది, ఆయన ఫోన్ నంబరుతోనే. ఇంటర్నెట్‌లో ఉన్నా దుకాణం దుకాణమే, అది నాయినదే అంది. అందుకే ఏ మార్పు చేయాలన్నా ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. అది చేజిక్కితే ఎవడైనా ఖాతాలో దూరి, కటింగులన్నీ ఎత్తుకుపోయి, వచ్చే డబ్బును తన బ్యాంకుకు మళ్లించుకుంటాడనీ, ఫోనులో తను అడిగినా సరే చెప్పొద్దనీ మొదట్లోనే హెచ్చరించింది.

లింగస్వామికి అది ఇట్టే అర్థమైంది. కొలతకిచ్చిన ఆది జాకెట్టు విషయంలో దుకాణంలో ఆయన పద్ధతీ అదే. ఎవరి ఆది వాళ్ల చేతికే. ఓసారి పెళ్లికూతురి ఆది కోసం సొంత మేనత్త వచ్చినా ఇవ్వకుండా తిప్పి పంపిన ఘనుడు.

ఆ పద్ధతితో ఇంట్లోవాళ్లకు మాత్రం పరేషానే. మొన్నీమధ్య జ్యోతిక కర్మన్‌ఘాట్ నుంచి ఫోన్ చేసి అడిగినా ససేమిరా అన్నాడు. పాపం, ఆ పిల్ల ట్రాఫిక్‌లో పడి ఇంటికొచ్చి, నీకో దండం నాయినా అని నిజంగానే చేతులు జోడించింది. ఆయన భార్య బాలలక్ష్మి ఆ రోజు పడీపడీ నవ్వింది.

ఈ రోజు నవ్వడం లేదు. పొద్దున్నే జ్యోతిక ఎల్బీనగర్ వెళ్లింది, సైటు తయారుచేసిన వంశీకృష్ణ ఆఫీసుకు. అక్కడేదో పని అడ్డం తిరిగినట్టుంది. ఫోనులో పిల్ల వెక్కి వెక్కి ఏడవడం బాలలక్ష్మికి పొయ్యి దగ్గరికి కూడా వినిపించింది. గరిటె పక్కన పడేసి వచ్చింది.

“కన్నబిడ్డ గట్ల ఏడుస్తుంటే నీ పానం ఎట్ల ఒప్పుతుందయ్యా? చెప్పరాదు.”

లింగస్వామి కత్తెర కింద పెట్టాడు. కళ్లద్దాలు పెట్టుకుని మెసేజ్ తెరిచాడు. ఈ పిల్లే లేకపోతే తను ఇంకా ఆ మంచం మీదే ఉండేవాడు. పొద్దున లేచి అరుగు మీద కూర్చునే ధైర్యం కూడా ఈ పిల్ల ఇచ్చిందే. ఆమె కంటే ఎక్కువా ఈ నంబరు?

“నాలుగు...” అన్నాడు. అంతే, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేశాడు.

“చెప్పు నాయినా, జల్ది.”

“కాదు బిడ్డా. నువ్వే రా.”

అవతల ఫోను ఠక్కున పెట్టేశారు. మళ్లీ మోగింది. ఇంకోసారి ఆ ఏడుపు వింటే చెప్పేస్తానని ఆయనకు తెలుసు. ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోనునూ బందు చేసి దిండు కింద పెట్టేశాడు. బాలలక్ష్మి ఆయనతో మాట్లాడటం మానేసింది. వండిన అన్నం ఎవరూ ముట్టలేదు.

పొద్దు వాలుతుండగా గేటు చప్పుడైంది. జ్యోతిక చెప్పులు విప్పకముందే లింగస్వామి కుంటుకుంటూ ఎదురెళ్లి ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

“తీస్కో బిడ్డా, నీ నంబర్ నీకే. మంచంల వడ్డోన్ని లేపి మాస్టర్ను చేసినవ్. నీ అసొంటి బిడ్డ ఎవ్వనికుంటది? గసొంటి నువ్వు ఫోన్ల ఏడుస్తుంటే కూడా చెప్పలే నేను. సైట్ బందయితే నాదే తప్పు. ఎంతన్న తిట్టు, పడ్త.”

జ్యోతిక ఫోను తెరిచి మెసేజ్ చూసింది. తల్లి మొహంలోకి చూసింది. ఉన్నట్టుండి గడప మీదే కూలబడి, తండ్రి రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

“నేనసలు నీకు ఫోనే చెయ్యలే నాయినా. మన వీడియోలల్ల నా గొంతు పట్టుకొని ఎవడో దొంగ కంప్యూటర్ల గట్ల మాట్లాడిచ్చిండు.”