గాలిదారి

రాఘవేంద్ర చేతిలో మైకు ఉంది, జేబులో ఉత్తరం ఉంది.

మైకు సంగతి బస్సులో అందరికీ తెలుసు. ఉత్తరం సంగతి అతనికీ, డ్రైవర్ సుబ్రహ్మణ్యానికీ మాత్రమే తెలుసు. నెలాఖరులోగా గాలిదారి దొరక్కపోతే టూరులో చూపించే పాత నేలమాళిగలోకి మనుషుల్ని దించడానికి వీల్లేదని అధికారులు రాశారు. పోయిన నెల ఒకావిడ లోపల ఊపిరాడక పడిపోయింది మరి.

కట్టినవాళ్లు గాలికి దారి పెట్టకుండా ఉండరని ఇంజినీర్లు తేల్చారు. రెండు నెలలు గోడలు తట్టినా అది ఎక్కడుందో చెప్పలేకపోయారు. తెలిసిన పెద్దలుంటే చెప్పండంటూ రాఘవేంద్ర పేపర్లో ప్రకటన వేయించాడు. ఇద్దరు ఫోన్ చేశారు. ఒకాయన వాస్తు చూస్తానన్నాడు, ఇంకొకాయన నిధి దొరికితే వాటా అడిగాడు.

పొద్దున్నే నూజివీడులో బయల్దేరడం, కొండల మధ్య లోయలు చూపించడం, తోటలో భోజనం పెట్టడం, చివర్న నేలమాళిగలోకి దించడం. ఇదీ టూరు. అందులోంచి నేలమాళిగ తీసేస్తే మిగిలేది మామిడిచెట్లు. నూజివీడు వచ్చినవాడికి మామిడిచెట్టు చూపించడానికి గైడెందుకు?

ఆ రోజు వెనక సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్లపంచె, ఒళ్లో గుడ్డసంచి. జాబితాలో పేరు క్రీస్తుదాసు, ఆగిరిపల్లి.

లోయ దగ్గర అందరూ దిగి ఫొటోలు తీసుకున్నారు. ఆయన దిగలేదు.

"చూసిందే కదండీ," అన్నాడు.

"చూసిందే అయితే టూరుకెందుకొచ్చినట్టో," అన్నాడు రాఘవేంద్ర మైకులో.

బస్సంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. అలా తన మీద తనే నవ్వుకునేవాళ్లంటే అందరికీ లోకువే.

నేలమాళిగ ముప్పై ఏళ్లు పూడిపోయి, ఆరేళ్ల కిందట పొక్లెయిన్‌కి తగిలింది. మెట్లు దిగాక రాఘవేంద్ర టార్చి పైకప్పు మీద వేశాడు. నల్లటి మసి. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు వెలిగించిన దీపాల మసి ఇదేనని గొంతు తగ్గించి చెప్పాడు. ఆరేళ్లుగా ఈ మాటకి జనం నోళ్లు తెరిచి చూస్తున్నారు.

"దీపాలది కాదు బాబూ," అన్నాడు క్రీస్తుదాసు. "గడ్డిపొగది. ఇక్కడ కాయ మాగేసేవాళ్లం."

"బంగినపల్లా, రసాలా తాతా?" అన్నారెవరో.

"రెండూనండీ."

గదంతా నవ్వులు మారుమోగాయి. రాఘవేంద్ర ముఖం మాడిపోయింది.

"తాతగారూ, గైడు మీరా, నేనా?"

"మీరే బాబూ."

"అయితే ప్రశ్నలు చివర్లో."

"ప్రశ్న కాదు బాబూ, ఒకటి చెబుదామని..."

"చెప్పడం నా ఉద్యోగం."

జనాన్ని రెండో గదిలోకి తీసుకెళ్లి లెక్క చూసుకుంటే ఒకరు తగ్గారు. వెనక్కి వచ్చి చూశాడు. పెద్దాయన చీకట్లో గుమ్మం నుంచి గోడ రాళ్లని ఒక్కొక్కటే తడుముతూ పెదాలతో లెక్కపెడుతున్నాడు. "ఏడు" అనడం వినిపించింది. రెండో చేతిలో గుప్పెడు ఎండుగడ్డి, అగ్గిపెట్టె.

రాఘవేంద్ర ఒక్క అంగలో దగ్గరికొచ్చాడు. గాలాడని చోట నిప్పు పెడితే ఇరవైమంది ప్రాణాలు పోతాయి. ఆ భయం నిజమైనదే. దాని వెనక ఇందాకటి నవ్వుల కసి కూడా ఉంది, అదీ నిజమే.

"ఒక్క నిమిషం బాబూ, రాయి తీసి పొగ పెడితే..."

విననే లేదు. సంచి లాక్కున్నాడు. దొంగని పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకుని అందరి ముందూ మెట్లెక్కించాడు.

"లెక్క తప్పిపోయింది బాబూ," అన్నాడు పెద్దాయన మెట్ల మీద.

ఏం లెక్కని రాఘవేంద్ర అడగలేదు.

సాయంత్రం ఆగిరిపల్లిలో దిగుతూ క్రీస్తుదాసు ఒక్క క్షణం ఆగాడు. "రేపు రమ్మంటారా బాబూ?"

"వద్దు. ఇంకెప్పుడూ రావద్దు."

పెద్దాయన తల ఊపి దిగిపోయాడు. సంచి బస్సులోనే ఉండిపోయింది.

నెలాఖరు వచ్చింది. అధికారులు వచ్చారు. నేలమాళిగకి తాళం వేసి సీలు కొట్టారు. టూరు ఆగిపోయిందనీ, ఇంకెక్కడైనా పని చూసుకోమనీ యజమాని ఫోన్లో చెప్పాడు.

బస్సు కడుగుతున్న సుబ్రహ్మణ్యం గుడ్డసంచి తెచ్చి ఇచ్చాడు. అందులో గడ్డితోపాటు కళ్లజోడు కూడా ఉంది. కళ్లజోడు లేక పెద్దాయన ఎంత అవస్థ పడుతున్నాడో, పంపించేద్దామన్నాడు. పాత జాబితా వెతికి ఆ నంబరుకి రాఘవేంద్ర ఫోన్ చేశాడు.

మనవరాలు తబిత ఎత్తింది. టూరు గైడుని మాట్లాడుతున్నాననీ, సంచి మర్చిపోయారనీ చెప్పాడు.

"తాతయ్య లేరండి. పోయిన ఆదివారమే మట్టి చేశాం."

రాఘవేంద్ర సంచి ఒళ్లో పెట్టుకుని బస్సు మెట్టు మీద కూర్చున్నాడు.

ఆ అమ్మాయే అడిగింది. "గాలిదారి దొరికిందాండీ?"

"ఆ సంగతి నీకెలా తెలుసమ్మా?"

"మీ ప్రకటన చూసే వచ్చారండి తాతయ్య. టికెట్టు లేకపోతే లోపలికి రానివ్వరేమోనని నాతో సీటు బుక్ చేయించారు. వేసవి వేసవికీ పొగ వదలడానికి ఆ గాలిదారి రాయి తీసి, మళ్లీ మట్టితో మూసే పని ఆయనొక్కరిదేనండి."