కొండ మీద చల్లని గది

"ఎవరూ లేరా? గది కావాలి!"

జీపు ఆగీ ఆగకముందే తండ్రి కిందికి దూకేశాడు. వెనక తల్లి ఒళ్ళో ఆర్నెల్ల పాప కళ్ళు తేలేస్తోంది.

కింద ఎడారి పెనంలా కాలుతోంది. కొండెక్కితే అదే ఎడారి, అదే ఇసుక, గాలి మాత్రం చల్లన. "పైకి తీసుకుపోండి. ఇక్కడుంటే బిడ్డ దక్కదు" అని డాక్టరు చెప్పేశాడు.

అందరికీ అదే చెప్పినట్టున్నాడు. లాడ్జిలో ఇసుక వేస్తే రాలదు. ఇసుకకి కొదవలేని చోట ఆ మాట అనుకోవడం కూడా దండగే.

వరండా పొడుగునా మంచాలే. చివరి గదిలో మాత్రం ఒక ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

"తాతగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ గది మాకివ్వండి."

"అంత మాటెందుకు బాబూ? లోపలికి రండి. నేనో మూల సర్దుకుంటా" అంటూనే ముసలాయన దగ్గాడు. ఆ దగ్గు ఓ పట్టాన ఆగలేదు.

తల్లి పాపను కొంగులో దాచేసుకుంది. "ఏమండీ, ఆ దగ్గు చూడండి! పాపకి అంటుకుంటుంది."

"ఇది అంటుకునేది కాదమ్మా."

"అందరూ అలాగే అంటారు!" తండ్రి అరిచాడు. "మీరు బతికింది చాలదా? పసిగుడ్డుతో పోటీయా మీకు? కిందికి పోకూడదూ?"

అన్నాక అతనికే సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ముసలాయన పాప వంక చూశాడు.

"నిజమేలే. ఇక్కడి చలికి నా మోకాళ్ళూ పట్టేస్తున్నాయి" అని నవ్వి, చేతిసంచి తీసుకుని జీపెక్కాడు.

"పెద్దాయనా, మీరు కిందికా?" డ్రైవరు తటపటాయించాడు.

"పోనీవయ్యా. అమ్మాయి వచ్చేలోగా పోనీ."

జీపు మలుపు తిరిగిపోయింది.

పొద్దువాలేసరికి పాప ఒంటి వేడి తగ్గింది. పాలకోసం గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని తల్లీ ఏడ్చేసింది.

నీళ్ళ ట్యాంకరు కోసం వెళ్ళిన లాడ్జి యజమానురాలు అప్పుడే తిరిగొచ్చింది. గది గుమ్మంలో ఆగిపోయింది.

"ఇందులో ఉండే పెద్దాయనేరీ?"

"వెళ్ళిపోయారమ్మా, మధ్యాహ్నం జీపులో."

"మధ్యాహ్నమా? కిందికా?"

తండ్రి తలూపాడు. ఆమె గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది.

"మా నాన్నయ్యా ఆయన! కింది వేడికి గుండె ఆగిపోతుందన్నారనే కదయ్యా, ఉన్నదంతా అమ్మి నేనీ కొండ మీద లాడ్జి కట్టింది!"