సమ్రా మాట వినలేదు

"కుక్కల్ని తీసుకురా. బాతుల వేటకు పోతున్నాం," అన్నాడు ఇరాకీ కెప్టెన్.

పోశన్న తలూపాడు. తలూపక ఏం చేస్తాడు? ఆగస్టులో సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ వారమే మంగఫ్‌లోని ఈ ఇల్లు కెప్టెన్‌దైపోయింది. సోఫాలు, ఫ్రిజ్‌లు, కార్లు బాగ్దాద్ దారి పట్టాయి. ఇంట్లో మిగిలింది రెండు వేటకుక్కలు, వాటిని సాకే జగిత్యాల పోశన్న, వంట చేసే కడప చిన్నపుల్లయ్య.

ఇంటి యజమాని, పోశన్నకు వీసా ఇచ్చిన కఫీల్, బూనాసిర్ మాత్రం దొరకలేదు. సైన్యం లారీల కింద బాంబులు పెడుతున్నది అతనేనని కెప్టెన్‌కు గట్టి అనుమానం. గోడ మీది ఫోటో పీకి, నిండు గడ్డంతో నవ్వుతున్న బూనాసిర్‌ని చూపిస్తూ, "నీ కఫీల్ ఎక్కడ?" అని ఎన్నిసార్లు అడిగాడో. పోశన్న ప్రతిసారీ "సౌదీకి పోయిండు" అనే అన్నాడు. అలా అన్నందుకు ముందుపళ్లు రాలాయి.

"ఈ రాత్రి పెద్ద అధికారులకు విందు ఇస్తున్నాను. బాతు నీళ్లలో పడగానే కుక్క తెచ్చివ్వాలి. తేకపోతే..."

మగకుక్క గుర్రుమంది. కెప్టెన్ దాని కడుపులో కాల్చాడు. అది వెంటనే చావలేదు. పోశన్న దగ్గరికి పోబోతే తుపాకీ అడ్డం పెట్టి, "నిలబడి చూడు," అన్నాడు. చాలాసేపే చూడాల్సి వచ్చింది.

ఇక మిగిలింది సమ్రా. గోధుమరంగు ఆడకుక్క. పోశన్న దాన్ని పేరుతో పిలిచింది తక్కువ. "బిడ్డా" అనేవాడు. ఊళ్లో కూతురిని పిలిచినట్టే.

వంటింటి తలుపు దగ్గర చిన్నపుల్లయ్య గొంతు తగ్గించాడు. "అన్నా, కుక్క కోసరమని ఆ నాకొడుకుతో పెట్టుకోవాకు. చెప్పినట్టు చేసి రాప్పా."

"చేస్త తియ్యి. ఇదన్న బతకాలె."

అన్నవాడు జీపు దాకా బుద్ధిగానే వచ్చాడు. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

"సాబ్, కుక్కకు జ్వరమున్నది. ఇయ్యాల వద్దు."

తుపాకీ మడమ పక్కటెముకల్లో దిగింది.

జీపు వెనకభాగంలో, సమ్రా తలను కంబళిలో చుట్టేసి, మెడ మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాడు పోశన్న. ఎంత అదిమి పట్టినా దాని తోక రేకును దబదబా కొడుతూనే ఉంది. "వేటంటే ఎంత సంబరమో చూడు," అని కెప్టెన్ నవ్వాడు. పాత డ్రైవర్ మొన్ననే బాంబుకు పోయాడు. కొత్త డ్రైవర్ నవ్వలేదు. షుఐబా దాటి, మట్టిదారి పట్టి, దారి అడిగే పని లేకుండా రెల్లుమడుగు పక్కన ఆపి, జీపులోనే కూర్చుండిపోయాడు. వెనక జీపులోంచి సిపాయిలు దిగారు.

చలికాలం పక్షులు మడుగు నిండా ఉన్నాయి. పాపం, వాటికి యుద్ధం సంగతి తెలియదు.

కెప్టెన్ ఆకలి కోసం కాల్చే మనిషి కాదు. ఎగిరినదాన్ని కాల్చాడు, ఈదుతున్నదాన్ని కాల్చాడు, రెక్క విరిగి గిలగిలా కొట్టుకుంటున్నదాన్ని మళ్లీ కాల్చాడు. ఈకలు రెల్లు మీద పరుచుకున్నాయి. కొన ఊపిరితో ఉన్నవాటి గొంతు కొయ్యమని పోశన్నకు ఒక కత్తి ఇచ్చాడు. సిపాయిల తుపాకులు అతని వైపే ఉన్నాయి.

సమ్రా ఒక్కొక్క బాతునీ తెచ్చింది. పంటిగాటు పడకుండా తెచ్చింది. నేల మీద పెట్టదు, చేతికే ఇస్తుంది. ఆ విద్య నేర్పింది బూనాసిర్. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన చేతికి, ఇప్పుడు పోశన్న చేతికి. కొయ్యడంతో పోశన్న చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. అయినా ప్రతిసారీ దాని తల నిమిరాడు. ఇంకాస్త ఓపిక పడితే బిడ్డ ప్రాణం దక్కుతుందన్న ఆశ అతనికి కలిగింది.

"ఇవి సంచిలో వేసుకో," అని కెప్టెన్ డ్రైవర్‌ని కేకేశాడు. డ్రైవర్ సంచి పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. అదే సమయానికి తల మీదుగా ఒక పెద్దబాతు పోయింది. కాల్చాడు. అది మడుగు నడిమధ్యలో దబ్బున పడింది.

సమ్రా ఈదుకుంటూ పోయి పట్టుకుంది. సగం దూరం వచ్చాక ముక్కు పైకెత్తింది. అంతే, పోశన్న వైపు కాక సంచి వైపు దారి మార్చింది.

"బిడ్డా, ఇటు రా," అన్నాడు పోశన్న.

అది వినలేదు.

"ఇటు రావే. నీ కాల్మొక్త, ఇటు రా."

"మాట వినడం లేదే," అంటూ కెప్టెన్ తుపాకీ ఎత్తాడు.

పోశన్న నీళ్లలోకి దూకాడు. నడుము లోతులో దానికి అడ్డం పోయి మెడపట్టీ దొరకబుచ్చుకున్నాడు. అది ఆగలేదు. నోట్లో బాతుతో, తోక ఊపుకుంటూ, అతన్ని తోసుకుని ముందుకే పోబోయింది. పోశన్న దాని తలను గుండెకు హత్తుకుని, దవడ కింద కత్తి పెట్టి ఒక్క కోత కోశాడు.

నీళ్లు ఎర్రబడ్డాయి. సమ్రా పళ్లు బాతును వదల్లేదు.

పోశన్న దాన్ని రెండు చేతులతో ఎత్తుకొచ్చి గట్టు మీద పడుకోబెట్టాడు. కెప్టెన్ తుపాకీ దించాడు. "నేను కాల్చేవాణ్ణిగా. నువ్వెందుకు చంపావు?"

"మాట ఇన్లేదు సాబ్."

"నాకంటే కసాయివిరా నువ్వు," అని కెప్టెన్ పగలబడి నవ్వాడు. సిపాయిలూ నవ్వారు. పోశన్న మళ్లీ నీళ్లలోకి దిగి చేతులు కడుక్కుంటూనే ఉండిపోయాడు.

విందుకు వేళయిందని కెప్టెన్ తొందరపెట్టడంతో, గడ్డం నున్నగా గీసుకుని ఇరాకీ చొక్కా తొడుక్కున్న బూనాసిర్ సంచి పట్టుకుని వంగి, తన కోసం సమ్రా తెస్తున్న పెద్దబాతును దాని నోట్లోంచి తన చేత్తోనే తీసుకుని, డ్రైవర్ సీటెక్కి జీపు స్టార్ట్ చేశాడు.