కన్యాకుమారికి చవక దారి

వెంకటరామారావుని మించిన ప్రయాణాల పండితుడు పాల్వంచ కాలనీ మొత్తంలో లేడు. హైమ ఫిర్యాదు కూడా అదే. మామూలు మొగుడైతే టికెట్టు కొని పెళ్లాన్ని రైలెక్కిస్తాడు. ఈయన టైంటేబుల్ తలకింద పెట్టుకుని పడుకుంటాడు. ఎవరు ఏ ఊరి పేరు చెప్పినా ముందు అడిగేది ఒకటే. "ఆడ మనోళ్లు ఎవరున్నరు?" చుట్టం లేని ఊరు ఆయన దృష్టిలో దేశపటంలో లేనట్టే.

ఎనభై ఆరు వేసవిలో ఆయనకు ఎల్టీసీ వచ్చింది. నాలుగేళ్లకోసారి బిల్లు చూపిస్తే కంపెనీ ఇంటిల్లిపాదికీ రానుపోను చార్జీలిస్తుంది. తిండీ పడకా మన పాట్లు.

"కన్యాకుమారి," అంది హైమ.

బి.ఏ.లో భూగోళం చదివిన మనిషి. మూడు సముద్రాలు కలిసే చోటు పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకుంది గానీ, ఒక్క సముద్రాన్నీ కంటితో చూడలేదు.

"సరే, కన్యాకుమారే," అన్నాడు వెంకటరామారావు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె మాటకు అంత జల్దీగా ఒప్పుకోవడం అదే మొదలు.

హైమ లైబ్రరీ నుంచి దక్షిణదేశ యాత్రల పుస్తకం తెచ్చి రెండుసార్లు చదివింది. ఇద్దరు ఆడపిల్లలకూ కొత్త గౌన్లు కుట్టింది. ఆయన టూరిస్టు బస్సు బిల్లు బయల్దేరకముందే చేతికి తెచ్చుకున్నాడు. అంత పక్కా మనిషి.

కాలనీ ఇంకా లేవకముందే ఇంటిల్లిపాదినీ కదిలించాడు. తన ప్లానేమిటో దారిలో విప్పి చెప్పాడు. హైమ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ పది రోజులూ లాడ్జి మొహం చూడలేదు. పడక ఆరుబయట. పెద్ద ఆడపడుచు భారతమ్మ, ఆమె మొగుడు, వాళ్ల నలుగురు పిల్లలు, తాము నలుగురు. ఇంతమందికీ వండి వార్చింది హైమే. "నువ్వుండంగ నేను పొయ్యి ముట్టుడెందుకే," అంటూ భారతమ్మ కాళ్లు చాపుకుని తమలపాకులకు సున్నం రాసుకునేది. ఎండకు పిల్లలు నల్లబడ్డారు. కొత్త గౌన్లు మాసిపోయాయి.

చివరిరోజు హైమ అడిగింది. "మీరు చేసింది న్యాయమేనా?"

"ఏం తప్పు చేసిన? తిండి దొరికింది, పడక దొరికింది, చేతిల పైస కదల్లే. నన్నే అంటవేంది?"

ఈ పది రోజుల తిండీ ఆయనకు అరగకూడదని హైమ అక్కడే నిశ్చయించుకుంది. అరవలేదు, ఏడవలేదు. ఆమెది అలిగే రకం కాదు. ఆగే రకం.

తిరిగొచ్చిన మర్నాడే పిల్లల్ని సెలవులకని వైరాలో అమ్మమ్మ దగ్గర దింపొచ్చాడు వెంకటరామారావు. వస్తూ గవ్వల దండలు కొనుక్కొచ్చి వీధిలో పంచాడు.

పక్కింటి జమ్లి దండ మెడలో వేసుకుని గడప మీద కూర్చుంది. "అక్కా, సముద్రం ఎట్లుంటదే?"

హైమ చెప్పింది. పొద్దున నీళ్లలోంచి సూర్యుడు ఎట్లా లేస్తాడో, తీరంలో ఇసుక ఎన్ని రంగుల్లో ఉంటుందో, గుళ్లో అమ్మవారి ముక్కుపుడక ఎంత దూరానికి మెరుస్తుందో చెప్పింది. జమ్లికి కళ్లు చెమ్మగిల్లాయి.

"అన్న ఎంత మంచోడే. మా ఆయన భద్రాచలం రేవు దాటనియ్యడు."

"అంత మంచోడు," అంది హైమ. "పైగా అంతా చవకలో. మీరందరూ అడిగితే మిమ్మల్నీ తీసుకుపోతాడు."

లోపల్నుంచి విన్న వెంకటరామారావు ఆ పూట భార్యను మెచ్చుకున్నాడు. "మస్తు చెప్పినవ్. ఎవరడిగినా గట్లనే చెప్పు."

హైమ అట్లాగే చెప్పింది. కుళాయి దగ్గర చెప్పింది, రేషన్ షాపులో చెప్పింది. ఇంజనీరు చెంచురామయ్యగారి తల్లికి మాత్రం ప్రత్యేకంగా ఇంటికెళ్లి, అప్పడాలు ఒత్తిపెడుతూ రెండు గంటలు చెప్పింది. ముసలావిడ ఆ రోజు నుంచి కొడుకుని నిద్రపోనివ్వలేదు.

బిల్లు ఆఫీసులో పెట్టాల్సింది సోమవారం. హైమ ఆదివారం పొద్దున క్లబ్బులో మీటింగు పెట్టించింది. పగకైనా ఒక పద్ధతుండాలి.

నలభై కుటుంబాలొచ్చాయి. ముందు కుర్చీలో చెంచురామయ్యగారు, పక్కన ఆయన తల్లి.

"దసరా సెలవుల్లో కాలనీ అంతా కన్యాకుమారికి పోతున్నాం," అన్నారాయన. "వెంకటరామారావే ముందుండి నడిపిస్తాడు. లాడ్జి ఖర్చు లేకుండా తిరిగొచ్చిన మొనగాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. వెంకటరామారావు లేచి నిలబడ్డాడు. "నాకు సెలవు దొరకదు సార్."

"ఇచ్చేది నేనే కదా."

"మోకాళ్ల నొప్పి..."

"పది రోజులూ ఒక్కసారి కూడా నొప్పనలేదండీ," అంది హైమ వెనక వరసలోంచి. "ఆయనకు మొహమాటం. మీరే కొంచెం గట్టిగా చెప్పాలి."

చెంచురామయ్యగారు సుద్దముక్క ఆయన చేతిలో పెట్టారు. "బోర్డు మీద రాయవయ్యా. ఏ రోజు ఎక్కడ దిగారు, ఎవరింట్లో పడుకున్నారు, తీరానికి ఎటు నడిచారు. మా అమ్మ నడవగలిగే దూరమో కాదో చూడాలి."

వెంకటరామారావు బోర్డుకేసి తిరిగాడు. 'మొదటి రోజు' అని రాశాడు. చెయ్యి అక్కడే ఆగింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మెల్లగా మెడ తిప్పి పెళ్లాం వంక చూశాడు. ఒక్క మాట సాయమొస్తే చాలన్నట్టున్న ఆ చూపు పదకొండేళ్లలో ఆమెకెప్పుడూ తగల్లేదు.

"రాయండి," అంది హైమ, ఎంతో మర్యాదగా. "అందరూ ఎదురుచూస్తున్నారు."

ముసలావిడ కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది.

వెంకటరామారావు సుద్దముక్క బల్లమీద పెట్టి, తల దించుకుని, వెనక వరసదాకా వినపడేటట్టు అన్నాడు.

"తప్పు నాదే సార్, ఆ పది రోజులూ మేం గీ పక్కనున్న కారేపల్లిల మా అక్క ఇంట్లనే దాక్కున్నం."