ఆరిన్ సంతకం

మా ఊళ్ళో కూడా లైసెన్సు గంజాయి కొట్టు పెట్టనివ్వాలని పదిమంది సంతకాలతో ఊరి సభకు అర్జీ వెళ్ళింది. మొదటి సంతకం చర్చి పెద్ద ఆరిన్‌ది. పెట్టింది మాత్రం నేను, సరదాకి.

మొదట సంతకం చేసినవాడే ఊరి సభలో లేచి మాట్లాడాలన్న ఆనవాయితీ మరిచాను. అధ్యక్షుడు అర్జీ చూపించి ఆరిన్‌ను పిలిచాక గాని అది గుర్తురాలేదు. తనది కాదన్నాడంటే దొంగ సంతకం కింద నన్ను జైల్లో తోస్తారు.

ఆరిన్ లేచాడు. "నాదే."

"చర్చి పెద్దవయ్యుండి, నీకేం పోయేకాలం?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"మా ఆవిడకి ఎముకల్లో కేన్సరు. గంజాయి తింటేనే కాస్త నిద్ర. ఏడాదిగా పెట్రోలు బంకు వెనక దొంగలా కొంటున్నా. ఇక నావల్ల కాదు."

బలపరిచేదెవరని అధ్యక్షుడు అడిగాడు. ఒక్కరైనా లేవకపోతే అర్జీ అక్కడితో సరి. బారులో కూర్చుని సంతకాలు పెట్టిన తొమ్మిదిమంది శూరులూ తమ బూట్లు చూసుకుంటున్నారు.

ఆరిన్ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "నీ చేతిరాత నాకు తెలుసురా డ్వైట్. నువ్వు నా పేరు రాశావు కాబట్టే ఇవాళ నా నోరు పెగిలింది. ఇక లే. ఈసారి నీ పేరు చెప్పు."

అధ్యక్షుడు రెండోసారి అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు.

ముప్పై ఏళ్ళుగా ఊరందరినీ ఆటపట్టించినవాణ్ణి. వాళ్ళంతా ఒక్కసారి నావైపు తిరిగి నవ్వుతారని తలుచుకుని లేవలేకపోయాను.

అధ్యక్షుడు అర్జీ మడిచేశాడు.