రెండో ర్యాంకు ఎవరికి?

"ఏడేళ్ళూ నీవే ఫస్టా?"

మోహన్‌కుమార్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగాడు. బల్లకు అవతల నిలబడిన భవ్య తలూపింది. పక్కన తండ్రి గోపాలప్ప ప్లాస్టిక్ కవరును ఛాతీకి అదుముకుని ఉన్నాడు.

బెంగళూరు కె.ఆర్.పురంలోని ఆ కాలేజీలో అడ్మిషన్లకు అది చివరి రోజు. పల్లెబడుల్లో చదివిన పిల్లలకు కొన్ని సీట్లు విడిగా ఉన్నాయి. ఐదింటికల్లా కాగితాల తనిఖీ ముగియాలి. కాగితాలు చూసే మోహన్‌కుమార్ సరే అంటే భవ్యకు సీటు. కాదంటే మళ్ళీ దొడ్డబళ్ళాపురం బస్సు, తెల్లారితే తండ్రితో పాటు మగ్గం.

ఆ సంవత్సరం ఆయన అప్పటికే మూడు దొంగ సర్టిఫికెట్లు పట్టుకున్నాడు. మూడింటి మీదా సీలు కొత్తగా ఉంది. భవ్య సర్టిఫికెట్ల మీద పాతగా ఉంది. అది ఇంకా అనుమానం.

"పరుగుపందెంలో ఫస్టు. పాటల్లో ఫస్టు. క్లాసు లీడరూ నీవే. పీయూసీలో మాత్రం నూటికి అరవై ఒకటి. అదెట్లమ్మా?"

"పీయూసీలో క్లాసు పెద్దది సార్. నాకు బెదురు."

"ఒక్కరోజూ నాగా లేదని రాసుండాది. ఏడేళ్ళలో జొరం కూడా రాలేదా?"

"వచ్చినా పోతాంటి సార్. మేష్ట్రు నాకోసరం కాసుకోనుంటారు."

"బలే మేష్ట్రే! సరే, రెండో ర్యాంకు ఎవరికి వచ్చింది? పేరు చెప్పు."

భవ్య తండ్రి వైపు చూసింది. ఆయన నేలచూపులు చూశాడు. పొద్దున బస్సులో ఆయనే అన్నాడు. "అడిగిందానికే జవాబు చెప్పు తల్లీ. ఆ బడి సంగతి మనమై ఎత్తొద్దు. తెలిస్తే కాగితం చెల్లదంటారు."

మోహన్‌కుమార్ విద్యాశాఖ ఆఫీసుకు ఫోన్ చేశాడు. మాట్లాడి పెట్టేసి, చిన్నగా నవ్వాడు.

"అట్లాంటి బడే లేదంటాండారు కదప్పా!"

"ఉండె సార్. మూసేసినారు."

"ఎప్పుడు?"

"పాప ఏడు పాసైన సంవత్సరమే."

"పాప పాసయ్యేదాకా ఆగి, మరుసటి రోజు మూసినారా? ఎవురికి చెప్తాండావప్పా ఈ కత?"

"కాన్వెంటుకు పంపే శక్తి నాకు లేదు సార్" అని మాత్రం అన్నాడు గోపాలప్ప.

"బయట కూర్చోండి. నాలుగున్నరకు చెప్తా."

వరండాలో తండ్రి నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు, భవ్య ఎవరికో ఫోన్ చేసింది.

నాలుగున్నరకు మోహన్‌కుమార్ తండ్రీకూతుళ్ళను లోపలికి పిలిచి, ఎర్ర పెన్ను మూత తీశాడు. అప్పుడే ఒక ముసలాయన ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. చంకలో గుడ్డసంచి.

"నా పేరు బసవరాజు సార్. భవ్యకు చదువు చెప్పిన మేష్ట్రును. ఆ ర్యాంకులన్నీ నేనిచ్చినవే."

"అదే అడుగుతాండా. ఈ పిల్ల మీ బంధువా?"

"కాదు."

"మరి ప్రతి ఏడూ ఈ పిల్లకే ఎందుకిచ్చినారు?"

 మేష్టారు గుడ్డసంచిలోంచి ఏడేళ్ళ హాజరుపట్టీలు తీసి బల్ల మీద పెట్టాడు.

గోపాలప్ప కళ్ళు మూసుకున్నాడు.

మోహన్‌కుమార్ మొదటి పేజీ తిప్పాడు, తర్వాత పేజీ తిప్పాడు, వేలు తడి చేసుకుని చివరిదాకా తిప్పాడు: ఏ పేజీలో చూసినా ఒక్కటే వరుస, ఒక్కటే పేరు, భవ్యది.