స్టూలు మీద మనిషి

కోడలు దూదిని స్పిరిట్‌లో ముంచి మీటర్ల టెర్మినళ్లు ఒక్కొక్కటే తుడుస్తోంది. వేలిముద్ర జిడ్డు ఉన్నా రీడింగులో తేడా వస్తుందంటాడు భర్త. అందుకని రోజూ పొద్దున్నే, పొయ్యి వెలిగించకముందే ఈ పని.

ఆ ఇంటి వెనకగదే కాలిబ్రేషన్ ల్యాబు. ఫ్యాక్టరీల నుంచి, సబ్‌స్టేషన్ల నుంచి కరెంటు కొలిచే పరికరాలు అట్టపెట్టెల్లో వస్తాయి. ఏది ఎంత తప్పు చూపిస్తోందో తేల్చి, సరిచేసి, తేదీ వేసిన స్టిక్కరు అంటించి పంపుతాడు. చెయ్యి అలవాటై వంటింటి తక్కెడకీ, గోడ గడియారానికీ కూడా స్టిక్కర్లు అంటించాడు. ఇంక మిగిలింది మనిద్దరమేనని అత్తగారు ఓసారి కోడలితో అని నవ్వింది.

గది మధ్యలో ఇనుప జాలీతో కట్టిన గూడు ఉంది. భర్త అందులోకి వెళ్లి వేల వోల్టుల మీద పరీక్షలు చేస్తాడు. లోపల కరెంటు ఉన్నంతసేపూ గూడు మీద ఎర్రదీపం వెలుగుతుంది. అలాంటి పని ఒంటరిగా చెయ్యకూడదు. జాలీ బయట స్టూలు మీద ఇంకో మనిషి కూర్చోవాలి. పక్కనే గోడకి ఎర్ర స్విచ్చి. లోపలి మనిషి నోట కేక వచ్చిందా, అరచేత్తో దాన్ని కొట్టాలి. కరెంటు పోతుంది, ప్రాణం నిలుస్తుంది.

ఊరికే మాత్రం నొక్కకూడదు. ఉన్నట్టుండి కరెంటు పోతే లోపలున్న మాస్టర్ మీటరు దెబ్బతింటుంది. వచ్చిన మీటర్లన్నిటినీ దాన్ని చూసే దిద్దాలి. అందుకే మామగారు ఆ స్విచ్చి మీద దుమ్ము కూడా దులపనిచ్చేవాడు కాదు.

ఆయన బతికున్నన్నాళ్లూ ఆ స్టూలు మీద అత్తగారు కూర్చుంది. వీధిలో అందరికీ ఆమె స్విచ్చత్త. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ కోడలు కూర్చుంటోంది. ఇప్పుడామె స్విచ్చక్క.

స్టూలు మీద పుస్తకం పట్టుకోకూడదు. ఫోను చూడకూడదు. గదికి కిటికీ ఉంది గానీ, లోపలి వేడి మారకూడదని దాని రెక్కలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఇంక చూడటానికి మిగిలేది భర్త వీపు. ఏ చొక్కాకి వీపు మీద కుట్టు ఎక్కడ వంకర పోయిందో ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు.

ఇవాళ ఆమె బయటికి వెళ్లాలి. ఊరి అవతల పరికరాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మధ్యాహ్నం లోపు వెళ్లి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ సంగతి కొన్నాళ్లుగా ఇంట్లో నలుగుతూనే ఉంది. స్టూలు మీదికి ఎవర్నైనా పనికి పెట్టుకుందామంది. ప్రాణం తీసుకెళ్లి పరాయివాళ్ల చేతిలో పెడతామా అన్నాడతను. పోనీ ఈ ఒక్కరోజు పని ఆపమంది. సబ్‌స్టేషన్ వాళ్లు సాయంత్రానికల్లా పరికరాలు కావాలన్నారని చెప్పాడు. అతను ఎప్పుడూ గొంతు పెంచడు. అదే కష్టం. అతను పెంచితే తనూ పెంచొచ్చు.

తుడవడం అయింది. చేతులు కడుక్కుని వచ్చి జాలీ దగ్గర నిలబడింది.

"వెళ్లొస్తానండీ."

"వెళ్లు. నిన్నెవరాపారు?" అతను చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. "నాకేమన్నా అయితే నీ తప్పని ఎవరూ అనరులే."

ఆమెకి అడుగు పడలేదు.

ఈ ఒక్కపూటకి కూర్చోమని అత్తగారిని బతిమాలింది. ఈ వయసులో తన చెయ్యి లేచేసరికి వాడి ప్రాణం కాస్తా పోతుందని అత్తగారు కుదరదంది. అలా అని ఊరుకోలేదు.

"మా అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు కూడా నేను ఆ స్టూలు దిగలేదే అమ్మాయ్. మీ మామగారు లోపలున్నారు మరి. ఎలా దిగను?"

ఏడుస్తూ అన్న మాట కాదది. నలుగురికీ చెప్పుకునే గొప్పలాగే చెప్పింది.

కోడలు స్టూలెక్కింది. ఎర్రదీపం వెలిగింది. వీధి చివర బస్సు ఆగిన చప్పుడు, కదిలిన చప్పుడు మూసిన కిటికీలోంచి సన్నగా వినిపించాయి. కాసేపటికి ఇంకోటి. ఆమె అరచేతిని స్విచ్చికి దగ్గరగా పెట్టుకుని భర్త వీపు వంకే చూస్తోంది.

అత్తగారు మంచినీళ్ల గ్లాసు పట్టుకొచ్చి గుమ్మానికి ఆనుకుంది. కోడలి మొహం చూసి జాలేసినట్టుంది.

"ఉద్యోగం చేసేవాళ్లూ పొద్దస్తమానం కూర్చునేదే కదే. అక్కడ కుర్చీ, ఇక్కడ స్టూలు. అంతేగా తేడా."

"అక్కడైతే లేవొచ్చు అత్తయ్యా."

అత్తగారు గ్లాసు అందించబోయింది. అంతలో గూట్లోంచి "అమ్మా!" అని కేక వినిపించింది.

చెయ్యి ఎప్పుడు లేచిందో కోడలికి తెలియదు. అరచెయ్యి ఫట్టున స్విచ్చి మీద పడింది.

భర్త వంగి మోకాలు రుద్దుకుంటున్నాడు. బల్ల అంచు తగిలిందని, ఏమీ కాలేదని అన్నాడు.

గూడు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

దెబ్బ సరిగ్గా పడలేదేమోనని ఆమె మళ్లీ కొట్టింది. అత్తగారు గ్లాసు కింద పెట్టేసి గబగబా వచ్చింది. "అలాక్కాదే, గట్టిగా," అంటూ కోడలి చేతి మీద తన చెయ్యి వేసి, ఒంట్లో ఉన్న బరువంతా మోపి నొక్కింది. కొడుకు మొహం చూసింది. దీపం చూసింది. మళ్లీ నొక్కింది.

"వదిలెయ్యమ్మా, చెయ్యి నొప్పెడుతుంది, దానికి నాన్న అసలు తీగే వెయ్యలేదు," అని జాలీ లోపల్నుంచి కొడుకు మెల్లగా చెప్పాక, అత్తగారు ముందు తన చెయ్యి, ఆ తర్వాత కోడలి చెయ్యి స్విచ్చి మీంచి తీసేసి, ఇంట్లోంచి బయటికి నడిచింది.